గునపం మీద కాయ, గోల్ఫ్ టీ మీద బంతి

మా అబ్బాయి గోల్ఫ్ ఆడతాడు. బంతిని కొట్టే కర్ర, అదే క్లబ్బు, ఎత్తితే కుడి మోచెయ్యి రెక్కలా పైకి లేస్తుంది. అయినా బంతి తిన్నగానే పోయేది. నేనే ఆగలేక ఒక కోచ్ దగ్గర చేర్పించాను. ఆరు నెలలు మోచెయ్యి దిద్దారు. స్వింగ్, అంటే క్లబ్బు ఊపే తీరు, చూడముచ్చటగా తయారైంది, బంతి మాత్రం చెట్లలోకి పోవడం మొదలుపెట్టింది. వాడికి ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి వెళ్లాలంటేనే టెన్షన్.

సంక్రాంతికి అంబాజీపేట దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు మా బాబాయి వాణ్ణి కొబ్బరి రాశి దగ్గరికి తీసుకెళ్లారు. నలుగురు కాయలు ఒలుస్తున్నారు. నేలలో పాతిన గునపం మీద కాయను పొడిచి మెలితిప్పితే డొక్క ఊడొస్తుంది. అందులో ఒకాయన కాయను చెవిదాకా ఎత్తి, ఒళ్లంతా ఎడమకు వంచి, అడ్డంగా దించుతున్నాడు. చెయ్యి తెగుతుందేమోనని నాకు భయమేసింది. కానీ ప్రతిసారీ మొన ఒకే చోట దిగుతోంది. మూడు మెలికలు, కాయ బయటికి.

"అలా వంగుతారేంటండీ?" అని మావాడు అడిగాడు.

"మా నాన్నది ఎడంచేతి వాటం బాబూ. ఆయన్ని చూసే నేర్చుకున్నానండి, ఆయ్. మొన సరిగ్గానే దిగుతోంది కదండి!"

నాకు అమెరికా గోల్ఫ్ ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ గుర్తొచ్చాడు. ఆయనకూ ఆట నేర్పింది నాన్నే. క్లబ్బును నిలువుగా ఎత్తి, దించేటప్పుడు సున్నా చుట్టినట్టు తిప్పుతాడు. ఆ స్వింగ్‌తోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండు (18 గుంతలు) 58 దెబ్బల్లో ముగించాడు; అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరుస పీజీఏ టూర్ చరిత్రలోనే అది మొదటి 58. కొరియా ఆటగాడు చోయ్ హో-సంగ్ అయితే బంతి కొట్టాక, గాలానికి పెద్ద చేప తగిలినట్టు క్లబ్బు లాగుతూ గిర్రున తిరిగిపోతాడు. ప్రమాదంలో బొటనవేలి కొస పోయిన మనిషి. 2018లో, 45 ఏళ్ల వయసులో, జపాన్‌లో కాసియో వరల్డ్ ఓపెన్ అనే టోర్నీ గెలిచాడు.

క్లబ్బు బంతిని తాకి ఉండేది సుమారు అర మిల్లీసెకను. అప్పుడు క్లబ్బు ముఖం ఎటు చూస్తోంది, ఏ దారిన, ఎంత వేగంతో వస్తోంది, ఆ ముఖం మీద బంతి ఎక్కడ తగిలింది: బంతికి తెలిసేవి ఇవే. మోచెయ్యి సంగతి దానికి తెలియదు.

నడుము నొప్పి వస్తుంటే మార్చాల్సిందే. బంతి రోజుకో దిక్కుకు పోతున్నా మార్చాల్సిందే. లేకపోతే, స్లో మోషన్ వీడియోలు తీసి పిల్లల స్వింగ్ దిద్దడం దయచేసి మానేద్దాం.

పోయిన శనివారం మావాడు పాత స్వింగ్‌తో, ఏడో నంబరు ఐరన్ అనే క్లబ్బుతో పది బంతులు కొట్టాడు. మోచెయ్యి మళ్లీ లేస్తోంది. ఎనిమిది బంతులు గురిపెట్టిన జెండా వైపే పోయాయి. నేను ఫోన్ జేబులోంచి తియ్యలేదు.