ఏరు నిద్రపోయిందని తేల్చిన కొరవి

ఆధ్యాత్మిక విషయాల మీద వాదన ఎంత వేడిగా సాగుతున్నా ఒక్క మాటతో ఆపేయవచ్చు. ‘అది నా స్వానుభవం’ అంటే చాలు. శాస్త్రంలో ఉందన్నవాణ్ణి ఏ శాస్త్రం, ఏ అధ్యాయం అని అడగవచ్చు. మా గురువుగారు చెప్పారన్నవాణ్ణి ఆయనకెలా తెలిసిందని నిలదీయవచ్చు. స్వానుభవం అన్నవాణ్ణి ఏమని అడుగుతాం? అడిగితే మర్యాద తప్పినట్టే. ఈమధ్య నాకు తారసపడుతున్న చదువుకున్నవాళ్లలో చాలామంది గ్రంథాలకు, గురువులకు కాలం చెల్లిందనీ, సొంత అనుభవం ఒక్కటే ప్రమాణమనీ తేల్చేస్తున్నారు. ఈ ధోరణి మీద నాకు చాలాకాలంగా కోపం పేరుకుని ఉంది.

పరమానందయ్య గారి శిష్యులు ఏటి ఒడ్డుకు వచ్చారు. ఏరు మేలుకుని ఉంటే ముంచేస్తుందని వాళ్ల భయం. ఒకడు మండుతున్న కొరవి తెచ్చి నీళ్లలో పెట్టాడు. చుయ్‌మంది. అమ్మో, మేలుకునే ఉంది! కాసేపాగి అదే కొరవిని మళ్లీ ముంచారు. చప్పుడు లేదు. నిద్రపోయిందని తేల్చుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ దాటారు. చిన్నప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఇప్పుడు అంత నవ్వు రావడం లేదు. ఆ శిష్యులు పుస్తకం చూసి నమ్మలేదు, గురువును అడగలేదు. పరీక్ష పెట్టారు, సొంత చెవులతో విన్నారు, తొందరపడకుండా రెండోసారి కూడా చూశారు. మొదట చుయ్‌మన్నదీ నిజమే, తర్వాత అనకపోవడమూ నిజమే. ఏరు నిద్రపోతుందన్న ఊహ మాత్రం నీళ్లలోంచి రాలేదు. దాన్ని ఇంటి దగ్గరి నుంచే తెచ్చుకున్నారు.

నా గొడవంతా ఆ ఊహతోనే.

కొన్నేళ్ల క్రితం పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. మాట్లాడకూడదు, ఫోను ఉండదు, రోజుకు పది గంటలు కళ్లు మూసుకుని కూర్చోవడమే పని. ఆరో రోజో ఏడో రోజో, మధ్యాహ్నం పూట, అప్పటిదాకా చంపుతున్న మోకాళ్ల నొప్పి ఉన్నట్టుండి కరిగిపోయింది. ఒళ్లంతా సన్నని కంపనం. చేతులు ఎక్కడున్నాయో తెలియలేదు. వెన్నులో కింది నుంచి పైకి ఏదో పాకింది. కళ్ల వెంట నీళ్లు. వెంటనే మనసులో మెదిలిన మాట ‘కుండలిని’, వెన్ను అడుగున నిద్రపోతూ ఉంటుందని యోగులు చెప్పే శక్తి. ఆ శిబిరంలో ఒక్కరు కూడా ఆ మాట ఎత్తలేదు. ఇరవై ఏళ్ల వయసులో నేను చదివి పారేసిన పుస్తకాల్లోంచి లేచి వచ్చింది. ఇదే కంపనం మా వీధి చివర ప్రార్థన మందిరంలో ఒకరికి కలిగితే పరిశుద్ధాత్మ దిగిందంటారు. జాతరలో కలిగితే అమ్మవారు పూనిందంటారు. నరాల డాక్టరు దగ్గరికి వెళితే ఆయన చెప్పేది ఆయన చెబుతారు. ఒళ్లు ఝల్లుమన్న మాట నాది. దానికి నేను పెట్టిన పేరు అరువు. స్వానుభవం అని నేను ఊరేగించబోయిన దాంట్లో సగం ఎవరో రాసిందీ, ఎవరో చెప్పిందీ దాక్కుని ఉంది.

ఆ రోజు శిబిరంలోని ఆచార్యుడికి చెప్పాను, కొంచెం గర్వంగానే. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ‘వచ్చింది, పోతుంది. చూస్తూ ఉండండి’ అన్నారు. అంతే. నాకు ఒళ్లు మండింది. మర్నాడు మోకాళ్ల నొప్పి వడ్డీతో సహా తిరిగొచ్చింది. ఆయన ఆ రెండు ముక్కలు అనకుండా తల ఊపి ఊరుకుని ఉంటే, ఈపాటికి మా కాలనీ మట్టుకైనా నేనొక చిన్న స్వామీజీని అయిపోయి ఉండేవాణ్ణి.

ఇలా అనగానే బుద్ధుణ్ణి ముందుకు తెస్తారు. కోసల దేశంలోని కేసపుత్త అనే ఊళ్లో కాలాములనే జనానికి ఆయన చెప్పిన మాటలు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ తిరుగుతున్నాయి. నలుగురూ అంటున్నారని, పరంపరగా వస్తోందని, గ్రంథంలో ఉందని, ఈ శ్రమణుడు మా గురువని దేన్నీ ఒప్పుకోవద్దు. ఇంతవరకు అందరికీ కంఠస్థం. అదే వరసలో ఇంకొన్ని ఉన్నాయి. తర్కానికి నిలిచిందని ఒప్పుకోవద్దు. నువ్వు ముందే తలపోసుకున్న అభిప్రాయానికి సరిపోయిందని కూడా ఒప్పుకోవద్దు. ఈ ముక్కను పూల బొమ్మల మీద అచ్చువేసి పంచేవాళ్లు నాకింకా కనబడలేదు. మీకు మీరుగా తెలుసుకోండి అన్నమాట నిజమే. దాంతోపాటు, విజ్ఞులు దేన్ని నిందిస్తారో, దేన్ని మెచ్చుకుంటారో కూడా చూడమన్నాడు. ఆచరణలో లోభం, ద్వేషం, మోహం ఎటు పోతున్నాయో చూడమన్నాడు. కళ్లు మూసుకుంటే కనిపించిన వెలుగు గురించి అక్కడ ప్రస్తావనే లేదు. మనలో లోభమూ ద్వేషమూ తగ్గాయా అన్న లెక్క మనకంటే ఇంట్లోవాళ్లకే బాగా తెలుస్తుంది.

శాస్త్రం పక్షం వాళ్లు ఇది చదివి సంబరపడనక్కరలేదు. నిప్పు చల్లగా ఉంటుందనీ, వెలుగివ్వదనీ వంద శ్రుతివాక్యాలు, అంటే వేదవాక్యాలు, చెప్పినా అవి ప్రమాణం కావని గీతాభాష్యంలో రాసినవాడు నాస్తికుడు కాడు, శంకరాచార్యుడు. కంటికీ చేతికీ అందే చోట ప్రత్యక్షానిదే మాట, అవి అందుకోలేని చోటే శ్రుతికి పని అని గిరి గీసి పెట్టాడాయన. ముండకోపనిషత్తు మరీ తెగువ చూపి నాలుగు వేదాలనూ అపరావిద్య, అంటే కింది మెట్టు విద్య, పద్దులో వేసింది. ఇవేవీ తిరగేయకుండా, గ్రహణం రోజు గర్భిణిని గదిలో కదలకుండా పడుకోబెట్టి ‘శాస్త్రంలో ఉంది’ అనేవాళ్లను ఏ శాస్త్రమని అడిగి చూడండి. వాట్సాప్‌లో వెతకడం మొదలుపెడతారు.

గ్రంథమూ గురువూ అక్కరలేదనడానికి రమణ మహర్షిని చూపిస్తారు. 1896లో మదురైలో, పదహారేళ్ల కుర్రవాడికి హఠాత్తుగా మరణభయం పట్టుకుని, ఆ కాస్త సేపట్లోనే ‘నేను’ ఎవరో తెలిసిపోయింది. అప్పటికి వేదాంతం చదవలేదు. ఇంతవరకు వాళ్లు చెప్పేది నిజం. అరుణాచలం చేరాక, భక్తులు తెచ్చిన పుస్తకాలు చూసి, తనకు తెలిసినదాన్నే ఇవీ చెబుతున్నాయని ఆయన గుర్తుపట్టిన సంగతి మాత్రం వదిలేస్తారు. 1907లో ఆయన దగ్గరికి వెళ్లిన మన కావ్యకంఠ గణపతి మునిది సరిగ్గా తిరగేసిన కథ. బొబ్బిలి దగ్గరి కలువరాయి ఆయన ఊరు. చదవవలసినదంతా చదివాను, మంత్రజపం తనివితీరా చేశాను, అయినా తపస్సంటే ఏమిటో తెలియలేదని చెప్పుకున్నారు. ‘నేను’ అనేది ఎక్కడి నుంచి పుడుతోందో చూడమన్నది ఆయనకు దొరికిన జవాబు. ఆ తర్వాత ఆ యువకుడికి రమణ మహర్షి అని పేరు పెట్టింది ఈ పండితుడే. ఒకరికి అనుభవం ముందు, మాట వెనక. ఇంకొకరికి మాటలన్నీ పోగుపడి, ఒక్కటి తక్కువైంది. వీళ్లిద్దరిలో ఎవరిది రాజమార్గమని తేల్చమంటే నా వల్ల కాదు.

ఏరు దాటాక ఏమైందో చెప్పలేదు కదా. ఒడ్డున నిలబడి లెక్కపెట్టుకుంటే ఒకడు తగ్గాడు. ఎవడికి వాడు తనను వదిలేసి లెక్కపెట్టాడు మరి! వేదాంతులు ఇదే కథను పదిమందితో చెబుతారు, పంచదశి అనే వేదాంత గ్రంథంలో విద్యారణ్యులు దీన్ని సాగదీసి మరీ వివరించారు. పదిమంది పదిసార్లు నిజాయితీగా చూశారు, పదిసార్లూ తొమ్మిదే వచ్చింది. ఇంకా శ్రద్ధగా చూస్తే పదోవాడు దొరుకుతాడా? దారినపోయేవాడు ఒకడు ‘పదోవాడివి నువ్వే’ అనవలసి వచ్చింది. అన్నాక మాత్రం నమ్మకంతో పని పడలేదు, తన మీద వేలు పెట్టుకుని లెక్క చూసుకుంటే సరిపోయింది. నాకు ఆ బాటసారి బాగా నచ్చుతాడు. చెప్పవలసింది చెప్పి తన దారిన తాను పోయాడు. ఏటి ఒడ్డున ఆశ్రమం కట్టలేదు.

ఇంత రాయడానికి అసలు కారణం మా పెదనాన్న. ఆయనకు రక్తపోటు. ఒక గురువుగారు ప్రాణాయామం నేర్పి, ఇక మాత్రలు విషంతో సమానమన్నారు. పెదనాన్న మానేశారు. మేమంతా గోలపెడితే, ‘గురువుగారు చెప్పారని కాదురా, నా ఒళ్లు నాకు తెలియదా? ఇంత హాయిగా నేనెప్పుడూ లేను’ అన్నారు. అబద్ధమాడలేదు. నిజంగానే హాయిగా ఉన్నారు. రక్తపోటు పెరుగుతుంటే చాలామందికి ఏ బాధా తెలియదు, దాంతో వచ్చిన చిక్కే అది. ఎనిమిదో నెలలో కుడిచెయ్యి పడిపోయింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే పెద్దమ్మ ఆయన ఎడమచేతికి బీపీ పట్టీ చుడుతుంది. అంకె ఎక్కువ చూపించిన రోజున కూడా ‘నాకేమీ అనిపించడం లేదే’ అని గొణుగుతూనే మాత్ర కోసం చెయ్యి చాపుతారు. గురువుగారి ఫోటో గోడ మీద అలాగే ఉంది. పెద్దమ్మ తీసేయబోతే వద్దన్నారట.