చెప్పాం కాబట్టి కదిలినట్టే!

బొమ్మ రైళ్లను కంప్యూటర్‌తో నడిపే మహానుభావులు పరిపాలనలో ఒక పరమ రహస్యం కనిపెట్టారు. మౌస్ నొక్కితే పాయింటు, అంటే రైలుని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పట్టాల అమరిక, కదిలినట్టే. కదిలిందా లేదా అని వంగి చూడ్డం వట్టి చాదస్తం. జేఎమ్‌ఆర్‌ఐ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ‘డైరెక్ట్’ ఫీడ్‌బ్యాక్ అంటారు. కంప్యూటర్ తానిచ్చిన ఆదేశాన్నే జరిగిన సంగతిగా రాసేసుకుంటుంది. వెయ్యని రోడ్డుకి ‘పని పూర్తయినది’ అని సంతకం పెట్టే గుమాస్తాకైనా కాస్త చెయ్యి వణుకుతుంది.

ఆదివారం ప్రదర్శన మీరూ చూసే ఉంటారు. గోడంత మానిటర్, దాని మీద యార్డు మొత్తం రంగురంగుల గీతల్లో. “ఎక్స్‌ప్రెస్‌ని లూపులోకి, అంటే పక్క లైనులోకి, తీసుకుంటున్నా, చూడండి” అని యజమాని నొక్కుతాడు. గీత వంగుతుంది, సిగ్నల్ పచ్చబడుతుంది, చప్పట్లు. బల్ల కింద పాయింటుని లాగాల్సిన కరెంటు అయస్కాంతం, అదే సోలినాయిడ్, మాత్రం ‘టక్’మనకుండా ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంటుంది. టంగ్ రైలు, అంటే పాయింటులో అటూ ఇటూ జరిగే మొనదేలిన పట్టా, సగంలో ఆగిపోతుంది. ఇంజను ముందు చక్రాలు లూపుకి, వెనక చక్రాలు మెయిన్‌కి, పెట్టెలు గడ్డి రంగు స్పాంజి మీదకి. షార్టయి, పట్టాలకి కరెంటిచ్చే బూస్టర్ ఆగడంతో యార్డులోని రైళ్లన్నీ ఎక్కడివక్కడ నిలబడతాయి. తెర మీద ఇంకా పచ్చే! “చక్రాలు తుడవాలేమో” అంటాడొకడు. “పట్టాలు నాసిరకం” అంటాడింకొకడు. యజమాని మళ్లీ నొక్కుతాడు, ఈసారి గట్టిగా. చివరికి ఇంట్లో చిన్నది “నాన్నా, వేలితో తొయ్యనా?” అని అడుగుతుంది. ఆటోమేషన్ సంపూర్ణం. వచ్చే నెల ఆయన రెండో మానిటర్ కొంటాడు.

కొనాల్సింది మానిటర్ కాదు, కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ని పాతిక వోల్టుల దాకా నింపి ఒక్కసారిగా కుమ్మరిస్తేనే సోలినాయిడ్ పూర్తిగా లాగుతుంది. స్విచ్ ఇరుక్కుపోయినా కాయిల్ కాలదు. రూటులో నాలుగు పాయింట్లుంటే నాలుగూ ఒకేసారి కొట్టకండి. మొదటిదే ఉన్నదంతా తాగేస్తుంది. మధ్యలో అరసెకను వదలండి.

సోలినాయిడ్ బదులు సర్వో అనే చిన్న మోటారు పెట్టుకున్నవాళ్లు నవ్వక్కర్లేదు. ఎస్‌జీ90 రకం సర్వోలు నాలుగింటికి, వాటిని నడిపే ఆర్డునో బోర్డు 5 వోల్టుల పిన్ నుంచే కరెంటు ఇస్తే, అవి కదలగానే బోర్డు రీసెట్ కావచ్చు. విడిగా 5 వోల్టుల సప్లై పెట్టి, గ్రౌండ్ మాత్రం కలపాలి. సర్వో ఎటు తిరగాలో చెప్పే పల్స్ సాధారణంగా 1 నుంచి 2 మిల్లీసెకన్లు. చివరి హద్దుల్ని టంగ్ రైలు ఆనే చోటికి సర్దకపోతే సర్వో రాత్రంతా గీపెట్టి చస్తుంది.

పాయింటులో రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు ఫ్రాగ్. దాని కరెంటు పోలారిటీని కూడా ఆదేశంతోనే మార్చే ఘనులున్నారు. పాయింటు కదల్లేదు, ఫ్రాగ్ మారింది, ఇంకేముంది, షార్టే. అది ఆదేశం వెంట కాదు, టంగ్ రైలు వెంట మారాలి.

ఒక్కో పాయింటుకి రెండు మైక్రోస్విచ్‌లు చాలు. మోటారుకి కాదు, టంగ్ రైళ్లను కలిపే పట్టీకి తగిలేలా బిగించాలి. ఎందుకంటే సర్వో చివరిదాకా తిరిగినా మధ్యలోని తీగ వంగి, పట్టా కదలకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ‘టూ సెన్సర్’ మోడ్ ఎంచుకుంటే, రెండు స్విచ్‌లూ ఒకేసారి నొక్కుకున్నా, రెండూ వదిలేసినా పాయింటు స్థితి తేడాగా ఉందని కంప్యూటరే ఒప్పుకుంటుంది. సిగ్నల్‌ని ఆ స్థితికి ముడిపెట్టండి, మౌస్‌కి కాదు.

“బొమ్మే కదా, ఎందుకంత రాద్ధాంతం?” అంటారు. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బహనగా బజార్‌లో క్రాసోవర్ పాయింట్లు లూపు వైపు ఉండగా సిగ్నల్ మెయిన్ లైనుకి పచ్చ చూపించింది. చెన్నై బయల్దేరిన కోరమండల్ లూపులో నిలబడ్డ గూడ్సుని గుద్దింది. 290 మందికి పైగా పోయారు. సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో లోపాలని తేల్చారు. టంగ్ రైలుకీ పక్క పట్టాకీ మధ్య 5 మిల్లీమీటర్ల అడ్డు ఉంటే సిగ్నల్ రాకూడదని రైల్వే పరీక్ష పెట్టుకున్నది ఇలాంటివి జరక్కూడదనే. పట్టా ఒకటి, దీపం ఇంకొకటి చెబితే మనుషులు చస్తారయ్యా! ఆ ఒక్క ముక్క నేర్పలేని బొమ్మ రైలు ఎందుకు, కళ్లు మూసుకుని నొక్కడం నేర్పడానికా?

ఈ ఆదివారం టంగ్ రైలు సందులో అగ్గిపుల్ల పెట్టి నొక్కండి. పచ్చ వస్తే చుట్టాల్ని పిలవకండి, బల్ల కింద దూరండి.