డాలస్ మేయర్‌కు లేని అధికారం

2025 ఏప్రిల్‌లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ నగరానికి కొత్త పోలీస్ చీఫ్‌గా డేనియల్ కోమో పేరు ప్రకటించారు. ఆయన్ని ఎంచుకున్నది మేయర్ ఎరిక్ జాన్సన్ కాదు, సిటీ మేనేజర్ కింబర్లీ టోల్బర్ట్. నగర పరిపాలన నడిపే ఆ మేనేజర్ పదవికి ఎన్నిక ఉండదు. ఊరంతా ఓటేసి గెలిపించిన మేయర్ ఉండగా, ఓటు అడగని అధికారి పోలీస్ చీఫ్‌ను నియమించడమేంటని టెక్సస్‌లో ఉండే మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు. ఆ పద్ధతి సరైందేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

డాలస్ కౌన్సిల్‌లో 15 మంది ఉంటారు. 14 మందిని ఒక్కో డిస్ట్రిక్టు ఎన్నుకుంటుంది, మేయర్‌ను ఊరంతా ఎన్నుకుంటుంది. ఓటింగ్‌లో మేయర్‌దీ ఒక్క ఓటే, కౌన్సిల్ నిర్ణయాన్ని ఆపే వీటో లేదు. ఈ 15 మంది కలిసి మేనేజర్‌ను పెట్టుకుంటారు. సిటీ అటార్నీ, ఆడిటర్, సిటీ సెక్రటరీలను నియమించేది కూడా కౌన్సిలే. పోలీసు, ఫైరు, రోడ్లు, చెత్త ఇలా మిగతా యంత్రాంగంలో ఎక్కువ భాగం మేనేజర్ చేతిలో ఉంటుంది. బడ్జెట్ తయారు చేసేది మేనేజర్, పాస్ చేసేది కౌన్సిల్. ఏదో ఒక డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి "మావాణ్ణి అక్కడ వెయ్యి" అనే హక్కు కౌన్సిల్ సభ్యులకు లేదు. నగరానికి రాజ్యాంగం లాంటి చార్టరే దాన్ని నిషేధించింది.

ఈ ఏర్పాటు అసలు బలం మేనేజర్ చదువులోనో అనుభవంలోనో లేదు. ఆ మనిషిని ఎవరు తీసెయ్యగలరు అన్న దాంట్లో ఉంది. 2017 నుంచి మేనేజర్‌గా ఉన్న టి.సి. బ్రాడ్‌నాక్స్‌ను దించాలని 2022లో మేయర్ జాన్సన్ ప్రయత్నించారు. ఓట్లు కూడలేదు, బ్రాడ్‌నాక్స్ ఉండిపోయారు. 2024 ఫిబ్రవరిలో అదే బ్రాడ్‌నాక్స్ రాజీనామా చేశారు. కౌన్సిల్‌లో మెజారిటీ సభ్యుల సూచన మీదేనని నగరం ఇచ్చిన ప్రకటనలోనే ఉంది. మేయర్ ఒక్కరి పంతం పనిచెయ్యలేదు, నమ్మకం పోయిందని ఎక్కువమంది అనుకున్న రోజు మాత్రం కుర్చీ నిలవలేదు. ఊరి పెత్తనం ఒక్కరి ఇష్టానికి వదలకుండా, అధికారికీ శాశ్వతం చెయ్యకుండా పగ్గం పట్టుకోవడమంటే ఇదే. ఇంతకన్నా మంచి రుజువు నాకు అక్కర్లేదు.

మేయర్‌కే పూర్తి అధికారం ఇవ్వాలనే వాళ్ల వాదన తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. గుంతలు పూడ్చకపోతే ఎవర్ని తిట్టాలో జనానికి తెలియాలంటారు, నిజమే. కౌన్సిల్ నిద్రపోతే మేనేజర్ ఏం చెయ్యగలడో కాలిఫోర్నియాలోని బెల్ అనే చిన్న ఊరు చూసింది. అక్కడి మేనేజర్ ఏటా 8 లక్షల డాలర్లకు దగ్గరగా జీతం తీసుకుంటున్నట్టు 2010లో బయటపడింది, తర్వాత జైలుకీ వెళ్లాడు. అయితే అక్కడి కౌన్సిల్ సభ్యులు కూడా కలిసి తిన్నారు. మేయర్‌కే పాలనాధికారం ఇచ్చే ‘బలమైన మేయర్’ ప్రతిపాదన 2005లో రెండుసార్లు డాలస్ ఓటర్ల ముందుకొచ్చింది, రెండుసార్లూ ఓడిపోయింది.

అందుకే నా దృష్టి ఎప్పుడూ మేనేజర్ మీద కన్నా కౌన్సిల్‌లో ఎవరు కూర్చున్నారన్న దాని మీదే ఉంటుంది. డాలస్‌లో మేనేజర్ పద్ధతి 1931 నుంచి ఉంది. దశాబ్దాల పాటు కౌన్సిల్ సీట్లు పెద్ద వ్యాపారుల మనుషులవే. నల్లజాతి వాళ్లకు, మెక్సికన్ మూలాలున్న వాళ్లకు చోటు దొరకడమే కష్టంగా ఉండేది. రాయ్ విలియమ్స్, మార్విన్ క్రెన్షా అనే నల్లజాతి నాయకులు దీనిమీద కోర్టుకెక్కారు. 1990లో ఫెడరల్ జడ్జి జెర్రీ బుక్‌మేయర్ పాత ఎన్నికల పద్ధతిని కొట్టేశారు. 1991 నుంచి 14 డిస్ట్రిక్టులు, ఒక మేయర్ పద్ధతి వచ్చింది. మేనేజర్ పదవి అదే, పద్ధతి అదే. జవాబు చెప్పుకోవాల్సిన మనుషులు మారారు, దాంతో ఊరే మారింది.

ఇదంతా విని, మన మున్సిపల్ కమిషనర్ కూడా ఇలాంటివారే కదా అని అంటుంటారు. కాదు. హైదరాబాద్‌లో అయినా విశాఖలో అయినా కమిషనర్‌ను వేసేది రాష్ట్ర ప్రభుత్వం, బదిలీ చేసేది కూడా అదే. అధికారం చూస్తే డాలస్ మేనేజర్‌లాగే ఉంటుంది, పగ్గం మాత్రం సెక్రటేరియట్‌లో ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్‌ను అవిశ్వాసంతో దించడానికి క్యాంపులు, లెక్కలు, రోజుల తరబడి టెన్షన్. అదే కమిషనర్‌ను మార్చాలంటే ఒక్క జీవో చాలు, అందులో కార్పొరేటర్ల మాట అక్కర్లేదు. 2012లో విశాఖ పాలకవర్గం గడువు ముగిశాక మళ్లీ ఎన్నికలు 2021లో గానీ జరగలేదు. ఆ తొమ్మిదేళ్లూ స్పెషలాఫీసర్ల పాలనే. కౌన్సిల్ లేకపోయినా ఆఫీసు నడిచిపోయింది, ఎందుకంటే అక్కడి అధికారికి కౌన్సిల్‌తో పనే లేదు. డాలస్‌లో కౌన్సిల్ లేకపోతే మేనేజర్‌ను నియమించేవాళ్లే ఉండరు.

పట్టణ స్థానిక సంస్థల కోసం చేసిన 74వ రాజ్యాంగ సవరణ వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. వార్డులు, రిజర్వేషన్లు, ఐదేళ్ల గడువు అన్నీ కాగితం మీద ఉన్నాయి. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో కమిషనర్ నియామకం దగ్గర మాత్రం ఊరి మాటకు చోటు దొరకలేదు. ఐఏఎస్ అధికారినే వెయ్యండి, అభ్యంతరం లేదు. ప్రభుత్వం ముగ్గురి పేర్లు పంపితే అందులో ఒకరిని కౌన్సిల్ ఎంచుకోవాలి, మూడేళ్ల గడువుండాలి, ఆలోపు తీసెయ్యాలంటే కౌన్సిల్‌లో ఓటింగ్ జరగాలి. రెండు తెలుగు రాష్ట్రాల అసెంబ్లీలూ ఈ ఒక్క సవరణ తేవాలి.