గీకుడు శాఖ కావాలి

వాయించే పాత డ్రమ్ముల మీది రంగు ఎవరు గీకాలి, ఎంత లోతు దాకా గీకాలి, ఎక్కడ ఆపాలి అన్న విషయాన్ని ప్రభుత్వం ఇకనైనా పట్టించుకోవాలి. చెరువులకు దిక్కుంది, చెట్లకు దిక్కుంది, ఆఖరికి ఫ్లెక్సీలకు జరిమానా రాసే అధికారి కూడా ఉన్నాడు. డ్రమ్ముకే ఎవరూ లేరు. ఊరికే అనడం లేదు, బాధితుణ్ని.

కిందటి చలికాలం ఒక గురువారం, మిక్సీ జారు మూత కోసం పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారుకు వెళ్లాను. ఆ బజారులో దేనికోసం వెళ్తే అది తప్ప అన్నీ దొరుకుతాయి. నాకు డ్రమ్ సెట్టు దొరికింది. 22 అంగుళాల బేస్ డ్రమ్ము, టామ్ అనే 13 అంగుళాల చిన్న డ్రమ్ము, కాళ్లున్న 16 అంగుళాల ఫ్లోర్ టామ్. సెట్టులో ముఖ్యమైన స్నేర్ డ్రమ్ము ఏదయ్యా అంటే "అది పోయిన వారమే పోయింది సార్" అన్నాడు, దగ్గరి చుట్టం పోయినంత బాధగా. పన్నెండు వేలు చెప్పి, నేను నోరు తెరవకముందే ఎనిమిదికి దిగాడు. అక్కడే అనుమానించాల్సింది. నాకు వాయించడం రాదు కాబట్టి అనుమానమూ రాలేదు.

సెట్టు ఒక బ్యాండు మేళం వాళ్లదట. పెళ్లిళ్లున్నప్పుడు బరాత్‌లు, మూఢంలో పార్టీ మీటింగులు. అందుకే ఎనామిల్ పెయింటు అట్టలు కట్టి ఉంది. బేస్ డ్రమ్ము అంచు దగ్గర గోటితో గిల్లి చూశాను. పైన మూడు రంగుల చారలు, వాటి కింద గులాబి, గులాబి కింద మళ్లీ మూడు రంగులు, ఆ కింద పసుపు. చెట్టు వయసు వలయాలు చెప్తాయంటారు. 2023, 2014, 2004, 1994 అని ఈ డ్రమ్ముకు నాలుగు వలయాలు లెక్కపెట్టాను, ఏ పురావస్తు శాఖ సాయమూ లేకుండా. ప్రభుత్వం మారినప్పుడల్లా మేళం వాళ్లు ఒక డబ్బా, ఒక బ్రష్షు కొనుక్కున్నారు పాపం. కొందరు నాయకులకు ఆ ఖర్చు కూడా ఉండదు, కండువాతో సరిపోతుంది.

పసుపు కింద ఏదో మెరుస్తోంది.

మా చెల్లెలి కొడుకు డ్రమ్ములు వాయిస్తాడు. ఫొటో పంపితే గంటలో ఇంటి ముందు దిగాడు. "మామా, చెయ్యి పెట్టకు. కింద ఒరిజినల్ ర్యాపు ఉంది" అని, నన్ను ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో నిలబడ్డ బంధువులా పక్కకు జరిపాడు. 1960ల డ్రమ్ములకు చాలావాటికి రంగు వేయలేదట, ముత్యపు చిప్పలాగానో జరీలాగానో మెరిసే సెల్యులాయిడ్ రేకు చుట్టి అంటించారట. బీటిల్స్ బ్యాండు డ్రమ్మరు రింగో స్టార్ 1963లో లండన్‌లో తీసుకున్న లుడ్విగ్ కంపెనీ సెట్టుకు ఉన్నది నల్ల ముత్యపు చిప్ప రేకు. 2015లో ఆ సెట్టు వేలంలో 20 లక్షల డాలర్లు దాటింది. దానికి ఎవరూ గులాబి ఎనామిల్ వేయలేదు, అది వేరే సంగతి. (మన మృదంగానికి ఈ బాధ లేదు. పనస చెక్క, తోలు, నడుమ నల్ల మచ్చ, అంతే. దానికి జరీ రేకు చుట్టాలని త్యాగరాజు కాలం నుంచి ఇప్పటిదాకా ఎవరికీ తోచలేదు.)

"గీతలు పడ్డా, పగిలినా, రేకు అసలుదైతేనే ధర. గీకి కొత్తది వేశావో, పోయింది" అని చెప్పి వాడు ప్రాక్టీసుకు వెళ్లిపోయాడు. నిపుణులతో వచ్చిన చిక్కే అది. సలహా ఇచ్చి ప్రాక్టీసుకు వెళ్లిపోతారు.

నేను హార్డ్‌వేర్ షాపు నుంచి లీటరు థిన్నర్ తెచ్చి, పాత బనియన్ ముంచి, చిన్న టామ్‌తో మొదలుపెట్టాను. 2023 మర్యాదగా దిగింది. 2014 కాస్త మొండికేసింది. రెండు వేల నాలుగు, తొంభై నాలుగు కలిసే పోయాయి, పొత్తు ఉన్నట్టు. ఆ కింద షాంపేన్ రంగు మెరుపు! మోకాళ్ల మీద కూర్చుని ఇంకాస్త శుభ్రం చేద్దామని రుద్దాను. మెరుపు బనియన్‌కు అంటుకుంది. ఇంకోసారి రుద్దితే వేలికి అంటుకుంది. మూడోసారికి రేకు మీద నా బొటనవేలి ముద్ర, ఆధార్ కేంద్రంలో కూడా పడనంత స్పష్టంగా పడింది. పాత సినిమా రీళ్లు, పింగ్‌పాంగ్ బంతులు చేసిన సరుకే ఇది, అసిటోన్ లాంటివి తగిలితే బెల్లం పాకంలా కరుగుతుందని ఆ రాత్రి మేనల్లుడు ఫోన్‌లో చెప్పాడు. హీట్ గన్ పెట్టనందుకు అభినందించాడు కూడా, ఎందుకంటే అది పెట్రోలులా అంటుకుంటుందట. మూడు రోజులు గోళ్లలోంచి జరీ పోలేదు. ఆఫీసులో "ఎవరి సంగీత్ సార్?" అని అడిగారు.

రేకు పోయాక మిగిలింది చెక్క. దాన్ని మా వీధి చివర తలుపులకు, బీరువాలకు రంగు వేసే ఉస్తాద్‌కు అప్పగించాను. చాలా మంచి మనిషి, పనిమంతుడు. చెక్క పైపొర అట్టంత పలచన, మిషన్ పెట్టొద్దు, నారపోగు వెంట చేత్తో రెజ్మాల్ (గరుకు కాగితం) కొట్టాలి, 120 నంబరుతో మొదలుపెట్టి 220, ఆపైన 320 అని కాగితం మీద రాసిచ్చాను. "ఫికర్ వద్దు సాబ్" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత వెళ్తే టామ్ యాపిల్ పండులా నున్నగా ఉంది. ఎంత నున్నగా అంటే, ఎక్కడా చిల్లు లేదు. లగ్గులు, అంటే డ్రమ్ము తోలును లాగి పట్టే ఇనుప ముక్కలు, బిగించే పన్నెండు మరల చిల్లులూ లప్పంతో పూడ్చేశాడు. దెబ్బ పడ్డప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి కంపెనీ వాళ్లు పెట్టిన చిల్లునూ వదల్లేదు.

"ఒక్క బొక్క లేకుంట జేసిన సాబ్. ఎన్ని ఉండెనో!"

ఆ గొంతులోని ఆనందం చూశాక ఏమీ అనలేకపోయాను. పైగా అదనంగా మూడు వందలు ఇచ్చాను.

ఇంటికి తెచ్చాక అంచు పరీక్ష. డ్రమ్ముకు ప్రాణం అంచులో ఉంటుంది. తోలు, ఇప్పుడైతే ప్లాస్టిక్కు, ఆనేది అక్కడే. అంచు సమంగా లేకపోతే శ్రుతి నిలవదు. విదేశాల్లో దీనికోసం ప్రత్యేకంగా నున్నటి గ్రానైటు బండ కొంటారట. హైదరాబాద్‌లో ప్రతి వంటింటి గట్టూ గ్రానైటే, మనం ఎంత ముందున్నామో చూడండి. పప్పు కుక్కరు జరిపి, టామ్‌ను గట్టు మీద బోర్లించి, లోపల టార్చి పెట్టి, లైటు ఆర్పాను. అంచు కింద నాలుగు చోట్ల వెలుగు, దోసె పెనం కింద మంటలా. లప్పం అక్కడా ఎక్కింది. చీకట్లో మా ఆవిడ గొంతు: "ఆ డోలు తీస్తారా, పప్పు రేపు తిందామా?"

ఇక విధాన చర్చ. అసలు రంగు అంటే ఏది? 1935 నాటి మొజంజాహీ మార్కెట్టును బాగుచేసినప్పుడు రాయి రాయిలా కనపడితే అందరం చప్పట్లు కొట్టాం. ఆ లెక్కన డ్రమ్ముకూ చెక్క చెక్కలా కనపడాలి. కలెక్టర్లు ఒప్పుకోరు. జిల్లా కలెక్టర్లు కాదు, పాత సామాను పోగేసేవాళ్లు. ఫ్యాక్టరీలో చుట్టిన రేకే అసలు అంటారు. మరి ముప్పై ఏళ్లు ఎండలో వానలో బరాత్ ముందు నడిచిన ఎనామిల్ నకిలీదా? ఇంకో వైపు, కొత్త గిటార్లకు కావాలని గీతలు గీసి, రంగు రాల్చి, పాతదిలా చేసి ఎక్కువ ధరకు అమ్మే కంపెనీలున్నాయి. నేను టామ్‌కు ఉచితంగా చేసింది అదే, నన్ను మాత్రం ఎవరూ నిపుణుడనలేదు.

అందుకే గీకుడు శాఖ అడుగుతున్నాను. ఒక కమిషనర్, జిల్లాకో డిప్యూటీ గీకుడు అధికారి. ఒక్కో పొర గీకడానికి ఒక్కో ఫైలు. 120 నంబరు కాగితానికి ఒక సంతకం, 220కి ఆర్థిక శాఖ అభ్యంతరం, 320కి కేబినెట్ సబ్‌కమిటీ. ఫైలు ఆ వేగంతో కదిలితే ఈ రాష్ట్రంలో ఒక్క రేకు కూడా కరగదు. నా సమస్య లంచగొండితనం కాదు, జాప్యం కాదు. ఒక్క మధ్యాహ్నంలో, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, లీటరు థిన్నర్‌తో ముప్పై ఏళ్లు తుడిచేయగలిగాను. అంత అధికారం పౌరుడి చేతిలో ఉండకూడదు.

మొన్న ఆదివారం ఫ్లోర్ టామ్ చూపిద్దామని ఉస్తాద్‌ను ఇంటికి పిలిచాను. దాన్నింకా ఎవరూ ముట్టుకోలేదు. చాయ్ తాగుతూ దాన్ని ఒళ్లో పెట్టుకుని మెల్లగా తిప్పాడు. పెచ్చు లేచిన చోట గులాబి దగ్గర ఆగాడు. వేలితో తడిమాడు, కళ్లద్దాలు పైకి జరిపి వంగి చూశాడు.

"ఈ పింక్ నాదే సాబ్."

బ్రష్షు వెంట్రుక ఒకటి రంగులో ఇరుక్కుని ఎండిపోయి ఉంది. ఆనాటి బ్రష్షులకు వెంట్రుకలు రాలిపోయేవట. మేళం ఓనరు తెల్లారేసరికి కావాలని తొందర పెట్టాడట, ఇంకా సగం డబ్బులు రావాలట.

గీకుతావా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "నా పని నేనెట్ల గీకాలె సాబ్? పైనుంచి ఇంకో కోటు ఏయమంటే ఏస్త. ఏ రంగో ఎలక్షన్లు అయినంక చెప్పుండ్రి."