గడ్డానికి మాస్కు, గుండెకు ధైర్యం

మహమ్మారి రోజుల్లో ఆశ వదులుకోకూడదనీ, బాధ్యతగా మెలగాలనీ పెద్దలు చెప్పారు. ఈ రెండు బరువులూ ఒకే మనిషి మొయ్యాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే బెంగళూరు మారతహళ్ళిలోని మా అపార్ట్‌మెంటులో పంపకాలు చేసుకున్నాం. ఆశ మాది. బాధ్యత వాచ్‌మన్‌ది, పనిమనిషిది, డెలివరీ కుర్రాడిది.

2020 మార్చి 22 సాయంత్రం అయిదింటికి బాల్కనీలో నిలబడి నేను వాయించిన కంచానికి ఇప్పటికీ సొట్ట ఉంది. పెళ్ళిలో అత్తగారు పెట్టిన కంచం. దేశం కోసం పోయిందిలెమ్మని సరిపెట్టుకున్నాం. మహాభారత యుద్ధం 18 రోజుల్లో ముగిసింది, ఈ యుద్ధం 21 రోజుల్లో గెలవాలి అని ప్రధానమంత్రి అంటే మనస్ఫూర్తిగా నమ్మాను. నమ్మి, ముప్ఫై కిలోల కందిపప్పు కొన్నాను. నా వెనక వరసలో ఉన్నవాళ్ళకు దొరకలేదంటే అది వాళ్ళ ముందుచూపు లోపం. (ఆగస్టుకల్లా పప్పుకు పురుగు పట్టింది. ఒక్క పురుగూ భౌతిక దూరం పాటించలేదు.)

మాస్కు విషయంలో నన్ను వేలెత్తి చూపడానికి లేదు. ఎప్పుడూ ఉండేది, గడ్డం కింద. ఆ అక్టోబరులో బెంగళూరులో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్నారు. జనం గోల పెడితే కొద్ది రోజుల్లోనే 250కి దించారు. ఉల్లిపాయలూ వంటనూనే మండిపోతున్న రోజుల్లో ధర తగ్గింది ఒక్క నిర్లక్ష్యానికే.

ఇక లిఫ్టు సంగతి. పనిమనుషులు లిఫ్టు ఎక్కరాదని మా అసోసియేషన్ ఏకగ్రీవంగా తీర్మానించింది. దీని మీద చాలా అపార్థాలున్నాయి. ఈ వైరస్ గాలిలో వ్యాపిస్తుంది, గాలాడని ఇరుకు చోట ప్రమాదం ఎక్కువ. ఆ లెక్కన లిఫ్టంత ప్రమాదం మరొకటి లేదు. ఆ ప్రమాదమేదో మేమే భరించి, మా పనిమనిషిని గాలీ వెలుతురూ ఉన్న మెట్ల మీద పంపాం. ఈ త్యాగాన్ని ఎవరూ గుర్తించలేదు. మాది తొమ్మిదో అంతస్తు. కదిరి నుంచి వచ్చి ఇక్కడ నాలుగిళ్ళలో పనిచేసుకునే ఆ మనిషి మొదటిరోజే గుమ్మంలో కూలబడి, "ఆ కరోనా మెట్లెక్కి రాదా సారూ?" అంది.

"రాదమ్మా. దానికి ఆయాసం ఎక్కువ" అన్నాను. శాస్త్రాన్ని సామాన్యుల భాషలో చెప్పడం చదువుకున్నవాళ్ళ ధర్మం.

2021 ఏప్రిల్ ఆఖర్లో యలహంక దగ్గర మా బావమరిది పెళ్ళి. యాభైమందికి మించరాదన్నారు. చట్టం మీద గౌరవం కొద్దీ యాభయ్యేసి మంది చొప్పున నాలుగు విడతలుగా వెళ్ళాం. నేను మొదటి విడతలో అక్షింతలకూ, నాలుగో విడతలో భోజనానికీ ఉన్నాను.

మే ఒకటి నుంచి 18 దాటినవాళ్ళందరికీ టీకా అన్నారు. కోవిషీల్డా, కోవాక్సినా అని ఇంట్లో మూడురోజులు వాదించుకున్నాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఫోను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా స్లాటు దొరకలేదు. జ్వరం మాత్రం స్లాటు లేకుండానే వచ్చింది. ఎవరు అంటించి ఉంటారా అని ఆలోచించాను. పెళ్ళిలో అందరూ మనవాళ్ళే కనుక, డెలివరీ కుర్రాడే అయ్యుండాలి.

అయిదోరోజు పొద్దున తలుపు చప్పుడైంది. "మిరియాల చారు గుమ్మంలో పెట్టినా సారూ. లిఫ్టెక్కలేదులే." నలభై అయిదు దాటిందని ఏప్రిల్లోనే వరసలో నిలబడి సూది వేయించుకున్న మనిషి. తలుపు కంతలోంచి చూశాను. మాస్కు ముక్కు మీదే ఉంది. కానీ గోడకానుకుని ఒకటే ఆయాసపడుతోంది. అది ఆ జబ్బు లక్షణమే కనుక, బాధ్యత గల పౌరుడిగా ఆ సంగతి వెంటనే అసోసియేషన్ గ్రూపులో పెట్టి, అప్పుడు చారు లోపలికి తెచ్చుకున్నాను.