70 డిగ్రీల సంసారం

మా ఇంట్లో కొంతకాలం ఒక రాజ్యాంగం నడిచింది. అందులో ఒక్కటే అధికరణ: ల్యాప్‌టాప్ మూతను 70 డిగ్రీలు దాటి తెరవరాదు. దాటితే తెర నల్లబడుతుంది. మళ్లీ ముందుకు వంచితే తెల్లారుతుంది. ఇంకాస్త వాల్చామా, మళ్లీ అమావాస్య. పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ని కనక ఇది ఉజ్జాయింపు మాట కాదు. మనవడి జామెట్రీ పెట్టెలోంచి కోణమానిని తీసి, మూడుసార్లు కొలిచి, సగటు కట్టి మరీ గోడ మీద పెన్సిలుతో రాశాను.

రాజ్యాంగం రాసుకున్నాక దానికి కాపలా కావాలి కదా. అలవాటు కొద్దీ ఎవరైనా మూతని వెనక్కి నెట్టేస్తారని, ల్యాప్‌టాప్ వెనకాల ఒలవని కొబ్బరికాయ ఒకటి అడ్డం పెట్టాం. కోనసీమలో ఇంటికి కావలసిన సామానులో సగం కొబ్బరిచెట్టే ఇస్తుంది, స్టాండు కూడా ఇస్తుందని అప్పుడే తెలిసింది.

70 డిగ్రీలంటే ఏమిటో అనుభవిస్తే గాని తెలియదు. తెర కీబోర్డు మీదకి వంగి ఉంటుంది, దాన్ని చూడాలంటే మనమూ వంగాలి. పొద్దున్నే మా ఇంటికొచ్చినవాళ్లకి, ఇంటిల్లిపాదీ ఒక నల్ల పెట్టెకి వంగి వంగి దణ్ణాలు పెడుతున్నట్టు కనిపించేది. మా అబ్బాయి ఒక హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద గళ్ల లుంగీ, అది మా ఇంట్లో ఆఫీసు యూనిఫారం. కెమెరా ఉండేది మూత పై అంచున. మూత వంగితే కెమెరా కూడా నేల చూపులు చూస్తుంది. ఓ సోమవారం మీటింగులో మేనేజరు గారు, "మీ బ్యాక్‌గ్రౌండ్‌లో ఆకుపచ్చ గళ్లేవో కనిపిస్తున్నాయి, మార్చుకోండి" అన్నారట. అది బ్యాక్‌గ్రౌండ్ కాదనీ, తానేననీ వాడు ఎలా చెబుతాడు? అమెరికాలో ఉన్న మనవరాలైతే వీడియో కాల్‌లో ఓసారి అమాయకంగా అడిగింది, అమ్మమ్మకి తలకాయ ఎప్పుడు వస్తుందని.

ఇంత జరుగుతున్నా బాగు చేయించాలన్న ఆలోచన నెలల తరబడి మా ఎవరికీ రాలేదు. దీన్ని బద్ధకం అనుకునేవాళ్లకి మన జాతి చరిత్ర తెలియదు. ట్యాంకులో అడుగంటిన పెట్రోలు కోసం స్కూటర్ని పక్కకి పడుకోబెట్టి లేపి స్టార్ట్ చేసినవాళ్లం మనం. డాబా మీద ఒకడు యాంటెన్నా తిప్పుతుంటే, కింద ఒకడు "వచ్చింది... పోయింది... ఆగు ఆగు, అక్కడే పట్టుకో" అని కేకలు వేసి, ఆ పైవాణ్ని సినిమా అయ్యేదాకా అక్కడే నిలబెట్టినవాళ్లం. వస్తువు వంకరైతే మనం వంకరవుతాం గాని దాని మనసు నొప్పించం. గోదావరి జిల్లాల మర్యాద మనుషులకి మాత్రమే అని ఎవరన్నారు?

సలహాలకి మాత్రం లోటు లేదు. ఒకరు బియ్యం డబ్బాలో పెట్టమన్నారు. మరొకరు బల్లని ఈశాన్యం నుంచి జరపమన్నారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుతూ కలిసిన పాత స్నేహితుడు మొత్తం విని, పెద్దగా నిట్టూర్చి, తన నడుం నొప్పి గురించి చెప్పాడు. నాకు అది కాస్త దగ్గరి విషయంలానే అనిపించింది.

చివరికి మమ్మల్ని కదిలించింది కొబ్బరికాయే. ఒకరోజు మా ఆవిడ తుడుస్తూ, "ఏవండీ, దీనికి మొలకొచ్చిందండీ" అంది. చూస్తే నిజమే, కాయ తొడిమ వైపు నుంచి తెల్లటి మొలక బెత్తెడు పొడుచుకొచ్చింది. కాయ మొలకెత్తడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అంటే మేము అన్నాళ్లుగా వంగి బతుకుతున్నామన్నమాట. ఇక ఆకు వేసి తెరకి అడ్డం వస్తే రాజ్యాంగ సవరణ తప్పదు.

ల్యాప్‌టాప్‌ని సంచిలో వేసుకుని అమలాపురం వెళ్లాను. అక్కడ అద్దాల షాపు, ఏసీ, కౌంటరులో నవ్వు మొహం. షాపాయన మూతని రెండుసార్లు ఇటూ అటూ ఆడించాడు, మూడోసారి ఆడించాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు.

"తెర ప్యానెల్ పోయిందండి, మేస్టారండి. మార్చేయాలండి. ఎనిమిది వేలవుతుందండి, ఆయ్."

ఇక్కడ చదువరులకి ఒక సూత్రం మనవి చేసుకుంటాను. మా వైపు బిల్లు ఎంతవుతుందో తెలుసుకోవాలంటే 'అండి'లు లెక్కపెట్టుకోవాలి. రెండు 'అండి'లైతే రెండు వందలతో పోతుంది. నాలుగు 'అండి'లు, పైన ఒక 'ఆయ్' పడిందంటే బ్యాంకుకి వెళ్లాలి. అంత మర్యాదగా చెప్పిన మనిషిని పట్టుకుని "ఎందుకండీ?" అని అడగడం ఎంత అమర్యాద! నేను అడగలేదు. "ఆలోచించుకుని వస్తానండి" అన్నాను. మా భాషలో దాని అర్థం ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

బస్సు పి.గన్నవరం దగ్గర అక్విడక్టు మీదకి ఎక్కినప్పుడు నాకు బుర్ర వెలిగింది. మా ఊరు అవతల, నగరం లంకలో. కింద వైనతేయ గోదావరి ఒక దిక్కుగా పోతుంటే, దాని నెత్తి మీదుగా మా కాలువ అడ్డంగా దాటుతుంది. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ఆనకట్ట కట్టించారు, ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. అక్కడ కాలువకి ఎన్ని నీళ్లు వదిలినా, ఈ దాటు దగ్గర ఏదైనా తేడా వస్తే మా లంకలో చేలు బీడే. అలాంటప్పుడు మేమేం చేస్తాం? కాలువ చూసే లస్కరుని అడుగుతాం, నీటి సంఘం వాళ్లని తిడతాం, వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పూడికా గుర్రపుడెక్కా తీయిస్తాం. శివారు చేనుకి నీరందలేదని చేను మార్చేయమని ఇంతవరకూ ఏ ఇంజనీరూ చెప్పలేదు. నీరు అందనిది చేను తప్పా, కాలువ తప్పా? ల్యాప్‌టాప్‌లోని ప్రధాన బోర్డు, అదే మదర్‌బోర్డు, ధవళేశ్వరమైతే, తెర మా శివారు. మధ్యలో కాలువ లాంటిది ఏదో ఉండి తీరాలి కదా!

బస్సు దిగి, లాకుల దగ్గర సెల్‌ఫోన్లూ సీసీ కెమెరాలూ బాగుచేసే కుర్రాడి బడ్డీకి వెళ్లాను. ఒకప్పుడు నా దగ్గరే చదివాడు. లెక్కల్లో అంతంతమాత్రం, అది ఆరోజు ఇద్దరం ప్రస్తావించలేదు.

"ముందు టీవీకి పెట్టి చూద్దాం, ఉండండి మేస్టారూ" అని హెచ్‌డీఎంఐ వైరు తగిలించాడు. మూత ఎంత వాల్చినా పక్కనున్న టీవీలో బొమ్మ చెక్కుచెదరలేదు. "బోర్డు బాగుందండి." ఒక్కటే 'అండి'. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత నా జేబులో ఫోను అడిగాడు. దాని తోలు కవరుకి అయస్కాంతం ఉంటుంది, దాన్ని కీబోర్డు పక్కన పెట్టే అలవాటుందా అని ఆరా. ల్యాప్‌టాప్‌కి మూత మూశారని తెలిసేది అయస్కాంతం వల్లేనట, మూతలో ఒక ముక్క, కింద దాన్ని పసిగట్టే సెన్సరు. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ప్రభావం మీద అది పని చేస్తుంది. ఆ సంగతి నేను చెప్పాను, ఊరుకోలేక. వాడు మర్యాదగా విని, "అదే అయితే మొత్తం నిద్దరపోద్దండి. ఇది నిద్దర కాదు, చూడండి" అని షట్టరు సగం దించి, నల్లబడ్డ తెర మీద ఏటవాలుగా టార్చి వేశాడు. వంగి చూశాను. నాలుగు నెలల సాధన కనక నడుం హాయిగా వంగింది. బురద నీళ్లలో కొర్రమీను కదిలినట్టు, నల్లటి తెరలో మా మనవరాలి ఫొటో మసగ్గా కనపడింది. బొమ్మ ఉంది, వెలుగే లేదు. ఎల్‌సీడీ తెరకి సొంత వెలుగు ఉండదు, వెనకనుంచి ఎల్‌ఈడీ దీపాలు వెలిగించాలి. ఆ దీపాలకి కరెంటు అందడం లేదు. అంతే.

అడుగు మూత విప్పి, వాడు మొదట బ్యాటరీ ప్లగ్గు పీకాడు. "ఇది తీయకుండా డిస్‌ప్లే కేబుల్ లాగితే బోర్డు మీద ఫ్యూజు పోద్దండి, అప్పుడు నిజంగానే వేలవుద్ది" అన్నాడు. తర్వాత గిటారు వాయించే ప్లాస్టిక్ ముక్కతో తెర చుట్టూ ఉన్న చట్రాన్ని టిక్కు టిక్కుమని లేపుతూ పోయాడు. ఎడమ హింజ్ (మూత తిరిగే మడతబందు) దగ్గర నల్ల టేపు ఒలిచి, భూతద్దం నా చేతికిచ్చాడు.

అదీ మా కాలువ. తల వెంట్రుకలంత సన్నటి వైర్లు కట్టగా, బోర్డు నుంచి హింజ్ సందులోంచి దూరి తెర అడుగుకి పోతున్నాయి. మూత తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ అక్కడే మెలిక పడుతుంది. ఆ మెలిక దగ్గర తొడుగు ఒరుసుకుపోయి రెండు వైర్లు తెగాయి. వాటి కొసలు ఒకదాన్నొకటి తాకీ తాకకుండా ఉన్నాయి. మూత వంచితే ముట్టుకుంటాయి, వాలిస్తే విడిపోతాయి. సముద్రపు గాలికి రాగి కొసల మీద పచ్చటి చిలుము కూడా పట్టింది. గోడ మీద నేను పెన్సిలుతో రాసిన 70 డిగ్రీలు ఈ రెండు కొసల మధ్య సంధి ఒప్పందమన్నమాట.

"అతికించొచ్చాండీ?" అన్నాను. చూశారా, 'అండి' నా నోట్లోంచే వచ్చేసింది, నా శిష్యుడికి.

"అతికిస్తే మళ్లీ ఆ మెలికలోనే తెగుద్దండి. కేబులే మార్చేద్దాం. మోడల్ నంబరు రాసుకున్నాను."

కేబుల్ హైదరాబాద్ నుంచి నాలుగు రోజుల్లో వచ్చింది. 650 రూపాయలు. కూలి 300. వాడు హింజ్ మరలు కూడా బిగించి, కనెక్టరు స్పిరిటుతో తుడిచి, మూత 130 డిగ్రీలు వాల్చి చూపించాడు. వెలుగుతూనే ఉంది. మా అబ్బాయి ఇప్పుడు మీటింగుల్లో మొహంతో కనిపిస్తున్నాడు, అది మేనేజరుకి లాభమో నష్టమో చెప్పలేను. కొబ్బరి మొక్కని నూతి పక్కన పాతాం.

పోయిన శుక్రవారం రావులపాలెం బస్టాండులో ఎవరో వెనకనుంచి "మేస్టారండీ!" అన్నారు. అమలాపురం అద్దాల షాపాయన. పరుగున వెళ్లి రెండు టీలు తెచ్చాడు, డబ్బులివ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. కుశల ప్రశ్నలయ్యాక, గ్లాసు ఊదుకుంటూ, "ప్యానెల్ మార్పించేశారాండీ?" అని అడిగాడు.

అంత మర్యాదస్తుడి మొహం మీద కేబుల్ అనే మాట ఎలా అంటాను?

"ఆయ్, మార్పించేశామండి" అన్నాను.

"నేను చూడగానే చెప్పాను కదండీ!" అన్నాడాయన, ఎంతో తృప్తిగా.