ఇంటి ముందు బెడ్డుకి 39 వేలా, 72 వేలా, 96 వేలా?

మా ఇంటి గేటు నుంచి పోర్టికో దాకా పాత బెడ్డు పగలగొట్టించి కొత్తగా కాంక్రీటు పోయించి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో మా వీధిలో ఆగి చూసినవాళ్లంతా అడిగింది ఒక్కటే, "అడుగుకి ఎంత పడిందక్కా?" అని. 167 అని చెప్పగానే "అమ్మో, మావాళ్లు తొంభైకే వేయించారే" అంటారు, వెళ్లిపోతారు. ఎన్ని అంగుళాలు పోయించారు, కింద ఏం వేశారు అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పన్నెండేళ్ల కింద మేమూ అలాగే అడిగాం కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది నెల్లూరు చివర, ఒకప్పుడు వరి కయ్యలుండిన చోట వేసిన లేఅవుటు. కింద అంతా బంకమట్టి. నవంబరు వానలకి ఉబ్బుతుంది, మే ఎండకి వేలు దూరేంత నెర్రెలిస్తుంది. 2014లో ఇల్లు కట్టినప్పుడు డబ్బులన్నీ స్లాబుకీ టైల్సుకీ అయిపోయాయి. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోంది, మిగిలిన ఇసుకా కంకరా ఉన్నాయి, దాంతో ఒక్కరోజులో ముందర బెడ్డు లాగించేశారు. మూడో ఏటికే పగుళ్లు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు మా వీధిలోకి ఏటి నీళ్లు రాలేదు గానీ ఆ వానకే మధ్యలో ఒక పలక కుంగి, పక్కది పైకి లేచింది. ఆ లేచిన అంచుకే పోయిన దసరాకి మా అత్తయ్య కాలు తగిలి పడ్డారు. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో కూర్చున్నారు. అప్పటిదాకా ప్రతి ఏడూ సిమెంటు పాలు పోసి పగుళ్లు పూడ్చుకుంటూ వచ్చాం, ఆ రోజుతో ఇక చాలనుకున్నాం.

ముగ్గురు మేస్త్రీలని పిలిచి అడిగాం. స్థలం 36 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, అంటే 432 చదరపు అడుగులు, మన నెల్లూరు లెక్కలో (అంకణం అంటే 72 చదరపు అడుగులు) సరిగ్గా ఆరంకణాలు. మొదటాయన 39 వేలన్నాడు. రెండో ఆయన 72 వేలు. మూడో ఆయన ఫోన్లో డిజైన్ బొమ్మలు చూపించి, రంగు కలిపి అచ్చులు వేస్తామని 96 వేలన్నాడు. ఇంట్లో అందరూ మొదటాయన వైపే. నేను మాత్రం ముగ్గురినీ మళ్లీ పిలిచి ఒకే ప్రశ్న అడిగాను: ఎన్ని బస్తాల సిమెంటు పడుతుంది? మొదటాయన నాకు జవాబు చెప్పకుండా మా ఆయన వైపు తిరిగి చెప్పాడు. మీరు అంతగా పట్టించుకోవాల్సిన పనిలేదు సార్, పాతది పగలగొట్టకుండా దాని మీదే మూడంగుళాలు పోసేద్దాం, 14 బస్తాలు చాలు అని. రెండో ఆయన చీటీ మీద రాసిచ్చాడు: అయిదు అంగుళాలు, 41 బస్తాలు.

మీరూ వేసుకోవచ్చు ఈ లెక్క, కష్టమేం కాదు. 432 అడుగుల మీద అయిదంగుళాలంటే 180 ఘనపుటడుగులు, అంటే అయిదు క్యూబిక్ మీటర్ల పైచిలుకు. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లలో (ఎం20 అంటారు దీన్ని) క్యూబిక్ మీటరుకి సుమారు ఎనిమిది బస్తాలు పడతాయి. అలా 41. మాకు బస్తా 340 చొప్పున 14 వేలు. ఇసుక ఉచితమన్నా లోడింగూ ట్రాక్టరు కిరాయీ మనవే, అది 2,800. ఇరవై మిల్లీ కంకర 8,600. పాత బెడ్డు పగలగొట్టి, పెళ్లలు ఎత్తి అవతల పోసి రావడానికి 9 వేలు. కింద ఆరంగుళాలు గ్రావెల్ మూడు ట్రాక్టర్లు, 5,400. ఎనిమిది మిల్లీ కమ్మి అడుగుకొకటి చొప్పున రెండు వైపులా, 110 కిలోలు, 6,900. పాలిథిన్ షీటు వెయ్యి, కాంక్రీటు కలిపే మిల్లరు బాడుగ రెండున్నర వేలు, కూలీలకి 9 వేలు, అంచు పలకలకీ లెవెల్ లాగడానికీ 5 వేలు. మొత్తం కూడితే 64,200. రెండో ఆయన అడిగిన 72 వేలల్లో ఆయనకి మిగిలేది 7,800. పని ఆయనకే ఇచ్చాం.

ఇప్పుడు మొదటాయన 39 వేలకి ఇదే లెక్క వేయండి. 14 బస్తాలంటే 4,800 లోపు. ఒక ట్రాక్టరు ఇసుక, ఒక ట్రాక్టరు కంకర, మిల్లరు, కూలీలు, ఎంత ధారాళంగా వేసినా 23 వేలు దాటదు. ఆయన మిగులు 16 వేలు! తక్కువ చెప్పినాయన దగ్గరే మన డబ్బు ఎక్కువ పోతోంది, ఇది ఎవరూ చూడట్లేదు. "సిమెంటు రేటు పెరిగిపోయిందక్కా" అన్నాడు కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అది పక్కన పెట్టినా, బస్తాకి ఇరవై పెరిగితే మొత్తం మీద తేడా 820 రూపాయలు. రేటులో తేడా వచ్చేది మందంలో, తవ్వకంలో, కమ్మిలో.

పాత బెడ్డు పగలగొట్టిన రోజు నేను టేపు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. గేటు దగ్గర మూడంగుళాలుంది. మధ్యలో రెండు. అత్తయ్య పడిన చోట అంగుళంన్నర. బ్రేకరు పెట్టకముందే గడ్డపారకి పెళ్లలు ఊడొచ్చాయి. ఒక పెళ్ల ఎత్తి కింద చెయ్యి పెడితే మోచేతి దాకా పోయింది, పందికొక్కులు తవ్విన బొరియ. గ్రావెల్ లేదు, దిమ్మిస కొట్టిన ఆనవాలు లేదు, ఎండిన బంకమట్టిలో ఇటుక ముక్కలూ ఇల్లు కట్టినప్పటి ఒక చిరిగిన పుట్టీ సంచీ ఉన్నాయి. దీని మీద ఇంకో మూడంగుళాలు పోస్తే ఏమయ్యుండేది? కింది పగులు ఎక్కడుంటే పైన అక్కడే పగులుతుంది. పైగా గేటు కిందికి ఆనుతుంది, పోర్టికో మెట్టు ఒకటి మాయమవుతుంది.

కారు ఒక్కటే తిరిగే చోటైతే గట్టి నేల మీద నాలుగంగుళాలు సరిపోతుంది. మాకు వేసవిలో నీళ్ల ట్యాంకరు లోపలికి రావాలి. 5,000 లీటర్ల ట్యాంకరంటే ఒట్టి నీళ్లే అయిదు టన్నులు, అందుకే అయిదంగుళాలు. అందరికీ ఇంత అవసరం లేదు, మీ ఇంటికి ఏ బండి వస్తుందో చూసుకుని తేల్చుకోండి. 96 వేల డిజైన్ గురించి ఎక్కువ చెప్పను, రంగూ అచ్చూ పైపైనవి, ఆయన చీటీలో కమ్మి లేదు.

ఇక పోసే రోజు. కలిపిన కాంక్రీటు మాలు గట్టిగా ఉంటే లాగడానికి కూలీలకి కష్టం, పదకొండయ్యేసరికి ఎండ, ఎవరో ఒకరు పైపు పట్టుకుని నీళ్లు పెట్టేస్తారు. బస్తాకి పాతిక లీటర్లు దాటితే బలం పోతుంది, పైన పొడి లేస్తుంది. వాళ్ల బాధ వాళ్లది, మజ్జిగ తెచ్చిచ్చాను, మేస్త్రితో మాట్లాడి మధ్యాహ్నం గంటన్నర ఎక్కువ విరామం ఇప్పించాను, నీళ్లు మాత్రం ఒప్పుకోలేదు. మరునాడు తొమ్మిది అడుగులకొకటి చొప్పున మూడు కటింగులు అంగుళంన్నర లోతున వేయించాం. కాంక్రీటు ఎండేటప్పుడు ఎలాగూ కుంచించుకుంటుంది, ఆ పగులేదో మనం గీసిన గీతలో పడుతుంది. వాటం గేటు వైపు కాలవకి, 36 అడుగులకి నాలుగున్నర అంగుళాలు. వీధి రోడ్డు పాతదాని మీదే మళ్లీ మళ్లీ పోస్తూ ఇప్పటికే అరడుగు లేచింది, అందుకే లెవెల్ రోడ్డు మీద నుంచే తీయించాం. ఇది మర్చిపోతే వాన నీళ్లు ఇంట్లోకే.

తడపడం గురించి ఒక్క మేస్త్రీ తనంతట తాను చెప్పలేదు. చీటీలో దానికి రేటు లేదు కాబట్టి అది ఎవరి పనీ కాదు. కాంక్రీటు పనులకి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 456 కోడ్ ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకైనా, ఎండలు బాగా ఉన్న చోటైనా కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మేము మట్టితో కయ్య గట్లలాగా పోసి నీళ్లు నిలిపి, అంచులకి గోనెసంచులు పరిచి 14 రోజులు ఉంచాం. అత్తయ్య తెల్లారి లేచి కుడిచేత్తో గోనెలు తడిపేవారు, ఎడమది ఇంకా బరువు పట్టదు.

ఇంకొకటి. ముందు గోడ దాకా 14 అడుగులు పోయిద్దామనుకున్నాం. గోడ వెంట రెండడుగులు మట్టి వదిలేశాం. సరిగ్గా ఒక అంకణం, పన్నెండు వేలు ఆదా, కరివేపాకు చెట్టు బతికింది, వాన నీళ్లు దిగడానికి కాస్త చోటు మిగిలింది. రెండడుగుల మట్టి కూడా ఇంటి ముందు ఉండకూడదన్నట్టు మూల నుంచి మూలకి సిమెంటు పోసేసి, తర్వాత బోరులో నీళ్లు లేవని బాధపడటం నాకు అర్థం కాదు.

ఎదురింటివాళ్లు సోమవారం మొదలుపెడుతున్నారు, 39 వేలు చెప్పిన ఆయనతోనే. నిన్న సాయంత్రం వాళ్లింటి ముందు 14 బస్తాలు దిగాయి. పెద్దమ్మగారిని పిలిచి మా ఖాళీ సంచుల కట్ట చూపించాను, కూర్చుని లెక్కపెట్టారు, 41. టేపు అడిగి తీసుకెళ్లారు. పొద్దున మేస్త్రి వస్తే ముందు అంగుళాలు రాసివ్వమని అడుగుతానన్నారు.